తువ్వాలు పరిచిన అత్త

పోయిన మంగళవారం పొద్దున్న మా దీవిలోని వండూర్ జెట్టీలో, పగడపు దిబ్బల సర్వేకి బోటెక్కుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "ఎదురింటత్త పోయిందక్కా. నిద్రలోనే." బోటువాళ్లకి "భయ్యా, ఆజ్ మై నహీ" అని చెప్పి వెనక్కి తిరిగాను. మా ఊరు హోప్ టౌన్ చేరేదాకా నలుగురిలో ఏడుస్తూనే ఉన్నాను. సిగ్గేమీ పడలేదు.

ఆమె మాకు చుట్టం కాదు. పిల్లల్లేరు, మావయ్య ఎప్పుడో పోయాడు. ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర టిఫిన్ కొట్టు నడిపేది. టికెట్ల లైన్లో నిలబడి నీరసించినవాళ్లకి అడక్కుండానే ఇంకో ఇడ్లీ వేసేది. తిట్టడంలో మాత్రం మొహమాటం లేదు. ఆస్ట్రేలియాలో చదువుకి నేను ఒకే ఒక్క యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టానని తెలిసి, "ఏటే, ఒక్క బోటునే నమ్ముకున్నోళ్లు జెట్టీ మీదే పడుకుంటారు. మూడింటికెయ్యి!" అంది. మూడింటికి వేశాను. మూడోదాంట్లోనే సీటొచ్చింది.

ఫీజుకి బ్యాంకు లోను దొరికింది. వీసా కావాలంటే అక్కడ బతకడానికి సరిపడా డబ్బు కూడా ఖాతాలో చూపించాలన్నారు. అది మా దగ్గర లేదు. మా వీధిలో ఎవరైనా మెయిన్‌లాండ్ ఆసుపత్రికి షిప్పెక్కుతుంటే అత్త తన అరుగు మీద తువ్వాలు పరిచేది. ఎవరికి తోచింది వాళ్లు వేసి పోయేవారు. పేర్లు రాసేది కాదు. "రాస్తే అప్పవుద్ది, రాయకపోతే సాయమవుద్ది" అనేది. నాకోసమూ పరిచింది. మర్నాడే ఆ డబ్బంతా నా ఖాతాలో వేసేశాం.

వీసా రాలేదు. ఒక్కరోజులో అంత డబ్బు ఎవరిచ్చారో మీరు చెప్పలేదు అన్నారు. యూనివర్సిటీ వాళ్లు తర్వాతి సెమిస్టర్‌దాకా సీటు ఆపుతామన్నారు. ఆ తర్వాత లేదు. నేను ముసుగుతన్ని పడుకున్నాను. "ఓలమ్మా, నా తువ్వాలే నీ కొంప ముంచిందే" అని అత్త తల బాదుకుంది.

తర్వాత జన్మలో చెయ్యని పని చేసింది. కొట్టు మూసేసి, నన్ను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎంత వేశారో చెప్పి కాయితం మీద సంతకం పెట్టమంది. ఒక్కరూ చెప్పరే! "అరే ఛోడో అత్తా, సాయం చేసి సంతకం పెట్టమంటావా?" అని బోటు సరంగు నొచ్చుకున్నాడు. "నాకూ సిగ్గుగానే ఉందిరా. పిల్ల సీటు పోద్ది. పెట్టు" అంది. ఆమె ఒకళ్లని బతిమాలడం నేను చూసింది ఆ రోజుల్లోనే.

ఆఖర్న ఆమె వంతు. "సంబంధం" అన్నచోట నా పెన్ను ఆగింది.

"మేనత్తని రాసెయ్యనా?"

"అబద్దం దేనికే? ఎదురిల్లని రాయి. సాల్దా?"

అలాగే రాశాను. కింద వంకరటింకరగా సంతకం పెట్టింది.

ఆ కాయితాలతో మళ్లీ దరఖాస్తు పెడితే వీసా వచ్చింది. వచ్చిన రోజే మా దగ్గరున్న కాపీలన్నీ తెప్పించుకుని కొట్టు పొయ్యిలో పెట్టేసింది. వీధిలో ఎవరికీ ఎవరూ బాకీ ఉండకూడదట. చదువు ముగించి తిరిగొచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరాక, మొదటి జీతంతో చీర తెస్తే దానికీ తిట్టింది. కట్టుకుంది మాత్రం.

ఆమె కర్మకాండ ఖర్చుకి అదే అరుగు మీద అదే తువ్వాలు నేను పరిచాను. వీధి వీధంతా వచ్చి వేసి పోయింది. కొత్తగా అద్దెకొచ్చినావిడ "దీదీ, నామ్ లిఖ్‌నా హై క్యా?" అని అడిగింది. పేరు రాయొద్దన్నాను.

మరణం నమోదు చేయించడానికి ఆఫీసుకి వెళ్తే అక్కడా ఒక ఫారం. చనిపోయినవారితో మీ సంబంధం ఏమిటని ఉంది. ఈసారి పెన్ను ఆగలేదు. ఎదురిల్లని రాశాను. గుమాస్తా చదివి నా మొహం చూశాడు, మార్చమనలేదు.

ఇంటికొచ్చి తువ్వాలు ఉతికి మా అరుగు మీద తీగకి ఆరేశాను. ఎదురింటికి తాళం వేసి ఉంది.