సొలొమోను మాస్టారి ఎర్ర వాన

గుణదలలో పటాలు కట్టే బాలశౌరి గారికి అరవై ఎనిమిదేళ్ళు. చదివింది కంకిపాడు పక్క పల్లెలో, ఐదో తరగతి దాకా. అయితేనేం, ఆయన చేతుల మీదుగా గోడలెక్కిన పటాల సంగతి ఆయన నోటే వినాలి. మేరీమాత పటాలే మూడు వేలు. లక్ష్మీదేవికైతే లెక్కే లేదు. బెజవాడలో బాలశౌరి మేకు దిగని గోడ లేదని జనం అనేవాళ్ళు. మొదట అన్నది మాత్రం ఆయనే.

1974 వేసవిలో ఒక ఉదయం ఆ షాపు ముందు పెద్ద హడావుడి. కంకిపాడు డ్రాయింగు మాస్టారు సొలొమోను పోయి ఆరేళ్ళయింది. ఆయన బొమ్మల్లో చెదలు వదిలిపెట్టింది ఒక్కటే. దాన్ని భార్య అమలమ్మ దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. అది మాస్టారిదేనని తేలితే హైదరాబాదు ప్రదర్శనశాలలో ఆయన పేరుతో పెడతారు. తేల్చడానికి అక్కడి నుంచి రామకోటేశ్వరరావు గారు వచ్చారు. పటం కట్టింది బాలశౌరి గారే గనుక కూడిక ఆయన షాపులోనే.

దుప్పటి తీయగానే షాపంతా ఎరుపెక్కింది. రక్తం లాంటి వానలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు. చేతులు చేటలంత, మొహాలు పచ్చగా.

"కంటికి కనబడినట్టు కాదండీ, కడుపులో మెలిపెట్టినట్టు వేశారు," అన్నారు రామకోటేశ్వరరావు గారు. "కాళ్ళు కూడా లేకుండా గాల్లో తేల్చేశారు చూడండి. ఎంత ధైర్యం."

"ఆ మధ్యలో మనిషి నేనేనండి," అంది అమలమ్మ.

"ఈ పచ్చ మొహం మీదా?"

"ఆ పూట ఆయన మీద కోపంగా ఉన్నాలెండి."

అందరూ నవ్వారు. కానీ రామకోటేశ్వరరావు గారు భూతద్దంతో నాలుగు అంచులూ వెతికి నిట్టూర్చారు. "సంతకం లేదమ్మా. శిష్యులెవరో వేశారంటే మనం ఏం చెబుతాం?"

అమలమ్మ మొహం వాడిపోయింది.

"నేను సాక్షిని సార్," అన్నారు బాలశౌరి గారు రొమ్ము విరిచి. "నలభై ఏళ్ళ పనితనం నాది. క్యాలెండరు తెస్తే అందరిలా కత్తిరించను. కింద బట్టల కొట్టు పేరున్న పట్టీని వెనక్కి మడిచి మేకు కొడతా. దేవుడి పాదాల కింద కొట్టు పేరు ఉండకూడదని..."

మాట అక్కడే ఆగింది. పటం బోర్లించి, పటకారు అందుకుని, వెనక మేకులు ఒక్కొక్కటే పీకారు. మడత విప్పేసరికి బొమ్మ వేసిన గుడ్డ ఇంకో రెండంగుళాలు బయటపడింది. ఎండ తగలని ఆ ఎరుపు నిన్న వేసినట్టుంది. అందులో బురదలో దిగబడిన పాదాలు. వాటి పక్కన: సొలొమోను, కంకిపాడు, 1957.

రామకోటేశ్వరరావు గారు ఆ పాదాల వంక చూసి గొంతు సవరించుకున్నారు. "కాళ్ళుంటేనే బాగుందండీ," అన్నారు మెల్లగా.

"తప్పు నాదే చెల్లెమ్మా," అన్నారు బాలశౌరి గారు. ఆ మాట ఆయన నోట అంతకుముందు ఎవరూ వినలేదు. "చేతి అలవాటు మాస్టారి పేరునే మింగేసింది."

"కాళ్ళేవని పటం ఇంటికొచ్చినప్పుడే అడిగా అన్నయ్యా," అంది అమలమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వి. "బాలశౌరి చిన్నబుచ్చుకుంటాడు, ఊరుకోమన్నారు మీ మాస్టారు."

బాలశౌరి గారు కొత్త చట్రానికి చెక్క కొలిచారు, ఈసారి అంచు బయటికి వచ్చేట్టు. రామకోటేశ్వరరావు గారు కాగితం మీద మాస్టారి పేరు రాస్తుంటే పక్కకు వంగి చూశారు.

"కింద ఇదీ రాయండి సార్. ఈ పటాన్ని రెండుసార్లు కట్టిన మొనగాడు బాలశౌరి ఒక్కడేనని."