ఐదు స్వరాలు దాటించిన సలీం మాస్టర్

గిటార్‌కు కొత్త తీగ బిగిస్తుంటే అది కిర్రుమని సాగుతుంది. తెగి ముఖాన కొడుతుందేమోనని కళ్లు మూసుకుంటాను. అప్పుడు కోరుట్ల సలీం మాస్టర్ గుర్తొస్తారు. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయించేవారు. దర్జా మనిషి. ప్యాంటు ఇస్త్రీ నలుగుతుందని ఎంతసేపైనా నిలబడే వాయించేవారు.

ఆయన్ను కలిసినప్పుడు నేను జగిత్యాలలో డిప్లొమా చదువుతున్నాను. వీడియోలు చూసి బ్లూస్ అనే అమెరికా బాణీ నేర్చుకున్నాను. గిటార్ మెడ మీద ఒకే చోటు, ఐదు స్వరాలు. ఆ చోటును గ్రాఫ్ కాగితం మీద గీసి, ఏ వేలు ఎక్కడ పడాలో గుర్తులు పెట్టుకున్నాను. ఏ పాటకైనా సోలో అక్కడే. తప్పు పడే అవకాశం లేదు. నాకు కావాల్సిందీ అదే. ఆర్కెస్ట్రాలో చేరదామని వెళ్తే మాస్టర్ రెండు పాటలు విని నవ్వారు.

"పెండ్లి పాటకు గదే, ఏడుపు పాటకు గదే. అన్నిట్ల ఒకటే మసాలా ఏస్తున్నవేంది బేటా?"

"మిగతా స్వరాలల్ల తప్పు పోతదేమోనని భయం మాస్టర్."

"భయపడు. గని గాడికెల్లి చెయ్యి తియ్. పాడేటామె ఆఖరి మాట ముందుగాల నోట్ల అను. తర్వాత తీగె మీద ఎతుకు."

ఆయన పద్ధతి అంతే. ఒగ్గుకథలో వంత పాడేవాళ్లు కథకుడి చివరి మాట అందుకున్నట్టు గిటార్ ఆ మాట అందుకోవాలి. దాని స్వరం నా ఐదింటి బయట ఉంటే బయటికే పోవాలి. వెనక మోగే కార్డ్, అంటే స్వరాల గుత్తి, మారితే, ఆ కార్డ్‌లోని స్వరం మీదే వచ్చి ఆగాలి. నాకది పిట్టగోడ లేని డాబా అంచున నడిచినట్టుండేది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. సిరిసిల్లలో ఒక మధ్యాహ్నం ధూంధాం, ఉద్యమ పాటల సభ, పెట్టారు. మాస్టర్ పాట వెనక నడిచే రిథమ్ తాను తీసుకుని, ముందు వినిపించే లీడ్ నాకిచ్చారు. బీడీలు చేసే పద్మక్క, రాష్ట్రం కోసం ప్రాణం తీసుకున్న తన తమ్ముడి మీద పాట కట్టింది. నలుగురిలో పాడటం ఆమెకు అదే మొదలు. ప్రతి చరణం "తమ్ముడా" అని ఆగుతుంది. ఆ తర్వాతి ఖాళీ నాది. "నాకు గొంతు పూడుకపోతది పిల్లగా. గప్పుడు నువ్వు ఇడిసిపెట్టకు" అంది.

బంద్ వల్ల నేత సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి ఊరంతా నిశ్శబ్దం. వీధికి రెండు వైపులా పోలీసు వ్యాన్లు. కేసైతే ఉద్యోగం రాదని నాన్న పొద్దున అన్న మాట చెవిలోనే ఉంది. రెండో చరణం చివర పోలీసు విజిల్ మోగింది. వెనక జనం లేచారు. నా చేయి దానంతటదే పాత చోటుకు పరుగెత్తి బ్లూస్ మెలికలు తిప్పింది. పద్మక్క గొంతు ఆగిపోయింది. నావైపు చూసింది.

"ఆపు" అన్నారు మాస్టర్ నా చెవి దగ్గర. "గామె తమ్ముని పిలువు."

చేయి తీశాను. "తమ్ముడా" అని నోట్లో అనుకున్నాను. ఆ మాట చివరి స్వరం నా ఐదింటిలో లేదు. వెతికి పట్టుకున్నాను. ఆమె మళ్లీ అందుకుంది. మూడో చరణంలో పోలీసులు కరెంటు తీసేశారు, ఎలక్ట్రిక్ గిటార్ మూగబోయింది. ఆమె "తమ్ముడా" అని ఆగితే ఆ ఖాళీలోకి నోటితోనే పాడాను. మాస్టర్ పాడారు. ముందు వరుస ఆడవాళ్లు అందుకున్నారు. లాఠీలు మా దాకా వచ్చేసరికి పాట పూర్తయింది.

తిరిగొచ్చే ఆటోలో అడిగాను, "మీకు భయం కాలేదా మాస్టర్?"

"కాకపోతదా. సూడు." ఆయన చేయి చాపారు. ఇంకా వణుకుతూనే ఉంది.

మాస్టర్ ఇప్పుడు లేరు. సోలో ముందు నా చేయి నేటికీ ఆ పాత చోటుకే పోతుంది. తీసి, ఒక ఊపిరి సేపు ఆగుతాను. ఆ ఊపిరి నిండా భయమే. తర్వాత రాబోయే స్వరం ఏదో నాకు తెలియదు.