సందు మూయమన్నాడు

దయ్యాలంటే నాకు నవ్వులాట. అహోబిలం పోయే జీపులో ఎవరైనా అడవిలో ఏదో కనిపించిందని మొదలుపెడితే, ఎన్ని గ్లాసులు తాగాక అని అడిగే రకాన్ని. ఇప్పటికీ ఆ బుద్ధి పోలేదు. అందుకే ఇది చెప్పాలంటే కాస్త సిగ్గుగా ఉంది.

అన్న, నేను నంద్యాలలో గది తీసుకుని చదువుకున్నాం. నాకు కోడింగ్ నేర్పింది అన్నే. టైపు చేసిన మాట చివర కంటికి కనపడకుండా మిగిలిపోయే ఖాళీని సందు అనేవాడు. నా ప్రోగ్రాం తప్పు చూపిస్తే చాలు, "సందు మూయ్ పాపా" అని మొట్టికాయ వేసేవాడు. ఆ మాట మా ఇద్దరిదే. ఆళ్లగడ్డలో మా ఇంట్లో సందు అంటే పక్కింటికీ మాకూ మధ్య ఉన్న ఇరుకు దారి, అంతే.

పోయినేడు బైకు ప్రమాదంలో అన్న పోయాడు. గది ఖాళీ చేసి అమ్మ దగ్గరికి వచ్చేశాను. చాలా నెలలు లాప్‌టాప్ తెరవబుద్ధి కాలేదు.

ఆ తర్వాత ఒక కంపెనీ ఉద్యోగానికి చిన్న పరీక్ష పంపింది. ఆర్డర్ల ఫైలు చదివి, ఏ ఊరికి ఎన్ని వెళ్లాయో తేల్చే ప్రోగ్రాం రాయాలి. నిజానికి పిల్లల పని. కానీ నా ప్రోగ్రాం ఒకే ఊరిని రెండూళ్లుగా చూపిస్తోంది. సాయంత్రంలోగా పంపాలి. ఇది పోతే మళ్లీ ప్రయత్నించే ఓపిక నాకు లేదు. మధ్యాహ్నానికి బుర్ర మొద్దుబారింది. అన్న ఉంటే బాగుండునని ఏడుపొచ్చింది. పక్కనే అమ్మ కునుకు తీస్తోందని నోరు మూసుకుని ఏడ్చాను.

అమ్మ ఉన్నట్టుండి లేచి కూర్చుంది.

"సందు మూయమంటాండాడు మే, మీ అన్న" అంది.

లేచిపోయి సందు వైపు తలుపుకు గడియ పెట్టి వచ్చింది. "తీసే ఉండాది. పిల్లి దూరుతాదని చెప్పినాడు గామాల."

ఊరి పేర్ల చివర చూశాను. కొన్నిటి వెనక ఖాళీ ఉంది. దాన్ని తీసేయమని ఒక్క లైను రాయగానే రెండూళ్లూ ఒకటయ్యాయి.

అమ్మ నంద్యాల గదికి ఎప్పుడూ రాలేదు. నేనే పైకి అన్నానేమో అనుకుందామంటే, ఆ మాట అప్పటిదాకా నాకే గుర్తు రాలేదు.

ఉద్యోగం వచ్చింది. ఆ రోజే అమ్మకు సంగతంతా చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"నీ పని చెప్పి పోయినాడా? అమ్మా, తిన్నావా అని ఒగ మాట అడగలేదే" అంది.

అదేమిటో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. అమ్మ మాత్రం రోజూ మధ్యాహ్నం, నిద్ర రాకపోయినా, కళ్లు మూసుకుని పడుకుంటోంది. సందు తలుపు తీసే ఉంచుతోంది. మొన్న నేను మూయబోతే ఆపింది.

"మూస్తే వాడు మల్లా చెప్పేకి ఎందుకొస్తాడు మే?"