ఊళ్లో లేనివాడి చేనులో ఐదు జెండాలు

ఆ రోజుల్లో నా లెక్క ప్రకారం ప్రపంచంలో రెండే రకాల మనుషులు: ఉత్తరం ఎటో తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు. మొదటి రకంలో మా హవల్దార్ సారూ నేనూ తప్ప ఇంకెవరూ లేరు కాబట్టి ఆ ప్రపంచం నాకు చాలా సౌకర్యంగా ఉండేది. ఆ ఆదివారం పొద్దున గోపాల్‌పేట దాటాక వచ్చే గుట్ట కింద హాజరైనవి ఇవి: సైన్యం నుంచి రిటైరై వనపర్తిలో మా పాలిటెక్నిక్ పిల్లలకు ఆటలు నేర్పే హవల్దార్ సారు, ఆయన మెడలో ఒక విజిల్ (ఆయన గొంతు ఉండగా దాని అవసరం ఎప్పుడూ రాలేదు), నాతోనే చదివే మా మేనత్త కొడుకు గద్వాల బావ, నేను, మ్యాపులు రెండు, దిక్సూచులు రెండు, ఒక డజను అరటిపళ్లు, సారు మోటారు సైకిలు, దాని నీడలో పడుకున్న, ఎవరిదో తెలియని కుక్క. రాష్ట్ర పోటీలకు మా జిల్లా నుంచి పోవలసిన మనిషి మాత్రం ఒక్కడే.

ఆట పేరు ఓరియంటీరింగ్. మా హాస్టల్లో ఆ పేరును తప్పు లేకుండా పలికినవాడికి సారు ఒక అరటిపండు ఇచ్చేవాడు. ఆట సంగతి చెప్పాలంటే సులువే: గుట్టల్లో, చెలకల్లో అక్కడక్కడా నారింజ, తెలుపు రంగుల గుడ్డ జెండాలు కట్టి ఉంటాయి. మ్యాపులో వాటి చోట్లకు సున్నాలు చుట్టి ఉంటాయి. దిక్సూచి చూసుకుంటూ, పరుగెత్తుతూ, వాటిని ఒకటి నుంచి పది దాకా వెతికి పట్టుకోవాలి. ప్రతి జెండాకూ వరసతో సంబంధం లేని ఒక నంబరు, ఒక పంచ్ వేలాడుతుంటాయి. మెడలోని కార్డు మీద ఆ నంబరు గడిలో దానితో రంధ్రం పొడుచుకొని ముందుకు పోవాలి. ఎవరినీ దారి అడగకూడదు. దీనికి సారు సొంతంగా చేర్చిన నియమం ఇంకొకటి: "ఒక గడిల ఒకటే గుర్తుండాలె. రెండోది కనవడ్డదా, ఆ కార్డు రద్దు. ఫౌజుల గిట్లనే ఉంటది." ఫౌజులో నిజంగా అట్లా ఉండేదో లేదో పోయి చూసి వచ్చినవాళ్లు మాలో లేరు గనుక నమ్మాం. మొదటి నెలలో మేము పద్నాలుగు మందిమి. రెండో నెలకల్లా పన్నెండు మంది క్రికెట్‌కు వెళ్లిపోయారు, అక్కడ బంతి ఎక్కడుందో అందరికీ కనిపిస్తుందని.

నేను పోకపోవడానికి కారణం క్రీడాస్ఫూర్తి అని అప్పట్లో అందరికీ చెప్పేవాణ్ణి. అసలు కారణం గద్వాలలో మా మామ నడిపే ఎరువుల దుకాణం. మా నాయిన షరతు చాలా స్పష్టంగా ఉండేది. "రాష్ట్రం సర్టిఫికెటు దెస్తివా, ఇంజనీరింగుకు ఆటల కోటాల అప్లికేషన్ పెట్టుకో. లేకుంటె జూన్‌ల పోయి మామ దుకాణంల కూసో. యూరియా బస్తాలు లెక్కవెట్టు, నీకు లిస్టులంటె ఇష్టమే గద." లోకంలోని గొప్ప క్రీడాకారులను ఏవేవో కలలు పరుగెత్తిస్తాయట. నన్ను యూరియా వాసన పరుగెత్తించింది.

నా శిక్షణ అంతా పద్ధతి ప్రకారం సాగేది. హాస్టల్ గోడకు పట్టిక అంటించాను: పొద్దున పరుగు, సాయంత్రం పరుగు, మధ్యలో మ్యాపు చదువుతూ పరుగు (ఈ మూడో రకంలో వాలీబాల్ స్తంభాన్ని రెండుసార్లు కలుసుకున్నాను). మెస్‌లో ఉత్తరం వైపు తిరిగి ఉప్మా తినేవాణ్ణి, దిక్కు అలవాటు కావాలని. సివిల్ డిప్లొమా చదువు కూడా కలిసి రావడంతో, నేల ఎంత ఎత్తుందో చెప్పే కాంటూరు గీతలను పేపర్లో వార్తల్లా చదివేసేవాణ్ణి. బావ శిక్షణ వేరు. తినేవాడు, పడుకునేవాడు, బస్సు తప్పిపోతే దాని వెనక ఉరికేవాడు. బస్సు తరచూ తప్పిపోయేది. నా పట్టిక ముందు నిలబడి, "బామ్మర్దీ, గిండ్ల ఊపిరి పీల్చుడు రాయలేదేందిరా? మర్చిపోయి సస్తవేమో జర రాస్కో" అనేవాడు. అతనికి ఉత్తరం ఎటో తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా లేదు. అట్లాంటి మనిషితో పోటీ పడటం నాకు కొంచెం అవమానంగా కూడా ఉండేది.

సారు విజిల్ ఊదలేదు, "ఉరుకుండ్రి!" అన్నాడు. కుక్క కూడా లేచి కాసేపు ఉరికి, లాభం లేదని వెనక్కిపోయింది. మొదటి మూడు జెండాలు గుట్ట మీద సీతాఫలం పొదల్లో, మ్యాపు చెప్పిన చోటే, బుద్ధిగా ఉన్నాయి. టకటకా పొడిచాను. బావ వెనకెక్కడో తప్పిపోయి ఉంటాడనుకొని, జూన్‌లో కొనవలసిన ఇంజనీరింగు పుస్తకాల జాబితా కూడా మనసులో మొదలుపెట్టాను. నాలుగో జెండా గుట్ట దిగాక, చెలకల మొదట్లో, వేపచెట్టుకు ఉండాలి. వేపచెట్టు ఉంది. దానికి కట్టిన దారం ముక్క ఉంది. జెండా లేదు. మ్యాపు తిప్పి చూశాను. దిక్సూచి తట్టి చూశాను. రెండూ నా వైపే ఉన్నాయి. ప్రపంచమే తప్పు చోట ఉంది.

ఇంతలో కంది చేనులోంచి తలకు తువ్వాల చుట్టుకున్న పెద్దమనిషి లేచి నిలబడి, "వచ్చిండే! సర్వేయర్ సారు వచ్చిండే!" అని కేక పెట్టాడు. పక్క చేను గెట్టు దాటి అతని తమ్ముడు ఉరికొచ్చాడు. ఇద్దరి మధ్యా నేను.

"సర్వేయర్ని కాదు పెద్దనాయినా. ఇది ఆట. పోటీ నడుస్తుంది" అన్నాను.

"ఆటనా? అంగీ లోపలికేసుకొని, చెవుల పెన్సిలు వెట్టుకొని, చేతిల నక్షా పట్టుకొని ఎవడన్న ఆటాడుతడా?"

"ఆటయితె జెండాలకు నంబర్లెందుకేశిన్రు సారూ?" అన్నాడు తమ్ముడు, నన్ను పట్టుకున్నట్టు నవ్వుతూ. "మీ పెద్దసారు నిన్న మాపటికి వచ్చి కట్టిపోయిండు. ఏందని అడిగితె రేపు తెలుస్తదన్నడు. సర్కారుదా అంటె మళ్ల రేపు తెలుస్తదన్నడు. గంత కడక్‌గ మాట్లాడేది సర్కారోళ్లే గద."

అప్పుడు అర్థమైంది. జెండాల చోటు ఎవరికీ తెలియకూడదని మా సారు ఫౌజు రహస్యం పాటించాడు. అవతల ఊరు ఊరంతా అది కాలువ సర్వే అని తేల్చేసుకుంది. వానకాలం కూడా మబ్బును నమ్మలేని చెలకల్లో వరసగా జెండాలు కనబడితే ఎవరైనా కాలువనే అనుకుంటారు, కబడ్డీ అనుకోరు.

"జర సూసి గియ్యి సారూ," అన్నాడు పెద్దాయన గొంతు తగ్గించి. "కాల్వ వీని చేన్లకెల్లి పోవాలె. తూము నా దిక్కుండాలె. గంతే, ఇంకేమొద్దు."

"ఓయన్నా! నా చేన్లకెల్లి ఎందుకు పోతదే? నీదే లోతట్టు. నీళ్లు లోతుకే పోతయ్. సారూ, సదువుకున్నోనివి, నువ్వే చెప్పు."

నేను నోరు మూసుకొని ఉంటే బాగుండేది. కానీ మ్యాపు చేతిలో ఉంది, కాంటూరు గీతలు కళ్ల ముందున్నాయి. "నిజమే, పెద్దనాయిన వైపు నేల రెండు మీటర్లు దిగువ" అన్నాను. దాంతో నేను సర్వేయర్ని కానని నమ్మేవాళ్లు ఆ ప్రాంతంలో ఒక్కరూ మిగల్లేదు. తమ్ముడు సంతోషంతో సల్ల తెప్పించాడు. అన్న అంతకంటే పెద్ద చెంబుతో తెప్పించాడు. ఏ ఒక్కటి వదిలేసినా పక్షపాతం అవుతుందని రెండూ తాగాను. కడుపులో సల్ల కుదుపుకుంటూ పరుగెత్తడం నా పట్టికలో లేని అంశం. జెండా ఏమైందని అడగడానికి నియమం ఒప్పుకోదు. ఒప్పుకున్నా వాళ్లు చెప్పేవాళ్లు కాదు, సర్కారు జెండా పీకినవాడు సర్వేయరుకు చెబుతాడా?

ఐదో చోటా దారమే ఉంది. ఆరులో అదీ లేదు. ఏడో జెండా, ముప్పై నాలుగు నంబరుది, వాగు పక్క ఒంటి బండకు ఉండాలి. బండ చుట్టూ తిరిగి, ఎందుకైనా మంచిదని వ్యతిరేక దిశలో కూడా తిరిగాను. తల ఎత్తి చూస్తే ఎదురుగా, చాలా పైన, మిట్ట మీద నారింజ రంగు కనిపించింది. కాంటూర్ల ప్రకారం అక్కడ జెండా ఉండే వీల్లేదు. అయినా ఎక్కాను. దారి పొడవునా రాళ్లు, పైన రేకుల కొట్టం, నాలుగు సాళ్ల ఆముదాలు, ఒక అవ్వ. ఆమె పక్కన కర్రకు జెండా. నారింజ రంగు చీర ముక్కకు తెల్ల పంచె ముక్క కలిపి కుట్టి ఉంది. దాని మీద బొగ్గుతో 34. పంచ్ వేలాడాల్సిన చోట సుతిలితో కట్టిన దబ్బనం, బస్తాలు కుట్టేది.

"ఇదెవరు కట్టిన్రవ్వా?"

"నేనే కుట్టిన బిడ్డా. కింద బండ కాడ ఉంటె సూసొచ్చిన. అందరి చేన్లకు కట్టి, నా కాడికి రాకుంటనె పోయిండు మీ సారు. మర్సిపోయినట్టున్నడు."

నేను పద్ధతిగా వివరించాను. ముందు, ఇది ఆట. తరవాత, ఒకవేళ కాలువే అయినా ఆమె చేను మిట్ట మీద ఉంది, నీళ్లు మిట్ట ఎక్కవు. కాంటూరు గీతలు కూడా చూపించాను. అవ్వ ఓపిగ్గా విన్నది.

"ఎక్కకుంటె ఎక్కకపాయె. నక్షాల నా చేనే లేకపోతె, రేపు ఎక్కే రోజొస్తె ఎవనికి యాదికుంటది? నువ్వైతె రాస్కో."

"ఆటవ్వా ఇది!"

"ఆటైతె ఏమాయె? నా చేన్ల గూడ ఒకటి ఆడుండ్రి."

మ్యాపు చూశాను. ఆ మిట్ట మీద కొట్టం లేదు, సాళ్లు లేవు, ఉత్త తెల్ల కాగితం. నేను చూస్తుండగానే ఆమె నా మెడలోని కార్డు పట్టుకొని, గళ్ల మీద వేలు జరుపుకుంటూ పోయి 34 దగ్గర ఆపింది. "గిదే గద నా నంబరు?" దబ్బనం చేతిలోకి తీసుకుంది. నేను ఆలోచించేలోపే పొడిచేసింది అని రాస్తే నాకు బాగుంటుంది. కానీ ఆలోచించడానికి కావలసినంత సమయం ఉంది. ఒక గడిలో ఒకటే గుర్తు అన్న నియమం గుర్తుంది, యూరియా వాసన కూడా గుర్తొచ్చింది. కార్డు కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాను.

మిట్ట మీది నుంచి కిందికి చూస్తే అప్పుడు కనిపించింది అసలు దృశ్యం. ఒక బీడు చేనులో, దండెం మీద బట్టల్లా, ఐదు జెండాలు వరసగా నిలబడి ఉన్నాయి. "గది ఎవరి చేనవ్వా?" అంటే, "గదా? ఆయన బొంబాయి పాయె, పనికి" అంది. ఒకరు తమ చేను కాలువ తవ్వకంలో పోతుందని జెండా పీకి పక్క చేనులో పెట్టారు, ఆ పక్కవాడు ఇంకో పక్కకు జరిపాడు. అట్లా నడుచుకుంటూ పోయి నాలుగు నుంచి ఎనిమిది దాకా జెండాలన్నీ, అడ్డం చెప్పడానికి ఊళ్లో లేనివాడి చేనులో స్థిరపడ్డాయి. ఏ కమిటీ వేసినా ఇంత ఏకాభిప్రాయం కుదిరేది కాదు. ఆ వరస మధ్యలో బనీను మీద ఉన్న బావ, ఒకచోట నిలబడి ఐదూ పొడుచుకుంటున్నాడు.

నేను దిగి, ఆ ఐదూ పొడుచుకొని, మిగిలిన రెండూ పూర్తిచేసి చేరేసరికి బావ అరటిపళ్లలో సగం అవగొట్టాడు. సారు నా కార్డు వెలుగుకు పట్టి చూశాడు.

"ఏడో గడిల రెండున్నయేందిరా? గిదేం బొక్క?"

"దబ్బనంది సార్."

"కంట్రోల్ కాడికి దబ్బనం యాడికెల్లొచ్చెరా?"

చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే సారు మోటారు సైకిలు మీద మిట్ట దాకా పోయి ఆ జెండా పీకించేవాడు, లెక్కలో లేనిది ఉండకూడదని. "పొరపాటయింది సార్" అన్నాను. "రద్దు," అన్నాడు. బావను అడిగాడు, "నువ్వెట్ల దొర్కవట్టినవ్రా, ఎవలనన్న అడిగినవా?" "అడగలే సార్. వాళ్లే పిలిచి చెప్పిన్రు. చెవులు మూస్కోవాల్నని మీరు చెప్పలే గద." సారు ఆ నియమాన్ని ఆ రోజే చేర్చాడు, కానీ అది మరుసటి పోటీ నుంచి.

ఓడినవాడే జెండాలు విప్పుకొని రావాలన్నది కూడా ఫౌజు పద్ధతేనట. తెచ్చి ఇచ్చాను. సారు లెక్కపెట్టుకొని, ఫౌజులో దూరాలు చూసి అలవాటైన కళ్లతో మిట్ట వైపు చూశాడు. "గా పైన నారింజ రంగేందిరా?" "చీరె సార్. ఎవరో ఆరేసుకున్నట్టున్నరు." బావ నా వైపు చూశాడు, నా మెడలోని కార్డు చూశాడు, తన చేతిలో ఉన్న చివరి అరటిపండు నాకిచ్చాడు. మా ఇద్దరి చరిత్రలో అతను నాకు తిండి పెట్టడం అదే మొదలు.

రాష్ట్ర పోటీలు నల్లమలలో, లింగాల అవతల జరిగాయి. అక్కడ పిలిచి చెప్పేవాళ్లెవరూ లేరు. వెతకడానికి పోయిన జీపుకు బావ రోడ్డు పక్క హోటల్లో మిర్చీబజ్జీలు తింటూ దొరికాడు. పాల్గొన్నందుకు సర్టిఫికెటు ఇచ్చారు. జూన్‌లో నేను గద్వాలలో దుకాణం ఎక్కాను, ఇంకా దిగలేదు. బస్తాలు ఉత్తరం వైపు ముఖం పెట్టి పేరుస్తాను. మా మామకు కారణం తెలియదు.

సరుకు పని మీద ఆ దారిన పోయినప్పుడల్లా బస్సులో కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటాను. కింది చేలకు కాలువ రాలేదు. మిట్ట మీది గుడ్డ మాత్రం మారుతూ ఉంటుంది. ఒక ఏడు పసుపు, పోయిన ఏడు ఆకుపచ్చ. నిలబెట్టిన చోటు మారలేదు. నీళ్లు మిట్ట ఎక్కవని ఆమెకు గీతలు చూపించి మరీ చెప్పిన ఆ పిల్లవాడు, ఉప్మా ప్లేటుతో ఉత్తరం వైపు తిరిగి కూర్చున్నట్టు కళ్ల ముందు కనిపిస్తాడు. నవ్వొస్తుంది. పక్క సీటువాళ్లు చూస్తే ముఖం కిటికీ వైపు తిప్పుకుంటాను.

ఆ రోజు లెక్క ఇది. సారు కట్టిన జెండాలు పది. నేను విప్పి తెచ్చినవి పది. ఇంకా ఉన్నది ఒకటి.