బెల్టు మీద పది నిమిషాలు

సౌదీలోని జుబైల్‌లో ఒక ప్లాంటులో నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ రోజుల్లో నాకు ఇంకో పని కూడా ఉంటుంది. శుక్రవారం పొద్దున క్యాంపు మెస్ హాల్లో మనవాళ్లకు మాట్లాడటం నేర్పుతాను. నవ్వకండి. మా దగ్గర ఫోర్‌మన్ కావాలంటే పనితనం ఒక్కటే చాలదు. రోజూ పని మొదలయ్యే ముందు గ్యాంగును నిలబెట్టి, ఆ రోజు పనిలో ఉన్న ప్రమాదాల గురించి పది నిమిషాలు చెప్పాలి. దాన్ని టూల్‌బాక్స్ టాక్ అంటారు. సైట్ ఇన్‌ఛార్జి ముందు ఒకసారి అలా మాట్లాడి మెప్పిస్తేనే ఆ ఉద్యోగం.

నా దగ్గర నేర్చుకునేవాళ్లలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన స్కాఫోల్డర్, అంటే పైపులతో పరంజాలు కట్టే మనిషి, ఒకాయన ఉండేవాడు. నలభై దాటిన మనిషి. ఎత్తుల మీద పైపులు బిగించడంలో అంత శుభ్రమైన చెయ్యి నేను ఇంకొకటి చూడలేదు. నలుగురి ముందు నిలబెడితే మాత్రం నోరు పెగిలేది కాదు. ఇన్‌ఛార్జి ముందు అప్పటికే రెండుసార్లు తడబడి వెనక్కి వచ్చాడు. మూడోసారి కూడా పోతే ఇక అడిగే వీలు లేదు.

"సారూ, మోకాళ్లు నా మాట ఇంటలేవు. ఇంకెన్నేండ్లు పైకి ఎక్కుత?" అన్నాడు.

నాకు మాటలంటే పిచ్చి. కాలేజీలో వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచినవాణ్ణి, ఆ గర్వం ఇంకా దిగలేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో, చెయ్యి ఎప్పుడు లేపాలో అన్నీ నేర్పాను. సేఫ్టీ బెల్టు మీద హిందీలో భారీ ప్రసంగం రాసిచ్చాను. ఆయన బుద్ధిగా బట్టీ పట్టాడు. చెయ్యి లేపితే మాత్రం ట్రాఫిక్ పోలీసులా ఉండేది. నేను విసుక్కునేవాణ్ణి. ఆయన ఏమీ అనుకోకుండా మళ్లీ మొదటినుంచి అందుకునేవాడు. ఆ ఓపికకు దండం పెట్టాలి.

పరీక్ష రోజు వచ్చింది. ఎప్పటిలాగే టాక్‌కు ముందు నేను వరసలో అందరి బెల్టులూ చూసి తనిఖీ చీటీ మీద సంతకం పెట్టాను. హాజరు కాగితం చేతులు మారింది. ఒక్క మాట వినకముందే అందరూ విన్నట్టు సంతకాలు చేసేశారు. రోజూ అంతే. మా స్కాఫోల్డర్ ముందుకొచ్చి హిందీలో మొదలుపెట్టి, రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. అంతలో తెలుగులోకి వచ్చేశాడు. గ్యాంగులో ఉన్నది అంతా కరీంనగర్, నిజామాబాద్ వాళ్లే.

"అన్నా, నా బెల్టు దిక్కు సూడుండ్రి. తొడకాడి పట్టీ పెట్టుకోకుంటనే వచ్చిన. గిట్లనే ఎక్కి జారితే బెల్టుల నుంచి ఊడి కింద పడ్త. పొద్దుగాల్నుంచి గిట్లనే తిరుగుతున్న, ఎవలన్న సూసిండ్రా? సంతకాలైతే అందరు వెట్టిండ్రు. సారు గూడ వెట్టిండు. సారు మంచోడే, కని సూడలే. గందుకే ఒక్కటే అడుగుత. నీ బెల్టు ఒక్కటే సూసుకుంటె సాలది. పక్కోనిది సూడు."

చెయ్యి లేపలేదు, గొంతు పెంచలేదు. ముప్ఫైమంది పక్కవాళ్ల వైపు వంగి పట్టీలు లాగి చూశారు. ఇంకో ఇద్దరివి వదులుగా దొరికాయి. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అయినా అంత గొప్ప ప్రసంగం నేను జన్మలో వినలేదు.

ఇన్‌ఛార్జికి తెలుగు రాదు. ఏమన్నాడని నన్ను అడిగాడు. నా సంతకం సంగతి దాటేసి చెప్పొచ్చు. కానీ అది తీసేస్తే ఆ మాటల్లో మిగిలేది ఏమీ లేదు, ఆయన మళ్లీ ఆ మోకాళ్లతోనే పైకెక్కాలి. ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను.

మా స్కాఫోల్డర్ ఫోర్‌మన్ అయ్యాడు. నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా మొదటి క్లాసులో నేను ఆ లెటరే చదివి వినిపిస్తాను.