వరసగా నాలుగు వెడ్జీలు

సుత్తితో తట్టగానే డొల్లగా పలికింది. ప్రమాదమని నాకు అప్పుడే తెలిసింది. ఆ చప్పుడును ఐదేళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

పాతికేళ్ళు దాటిన థర్మల్ ప్లాంటు జనరేటరు. ఇంకొన్నేళ్ళు నడపవచ్చో లేదో పరీక్షించి రాయడం నా పని. లోపలి గాడుల్లో రాగి కడ్డీలు కదలకుండా బిళ్ళలు బిగిస్తారు. వాటినే వెడ్జీలంటాం. పాకుతూ వెళ్ళి ఒక్కొక్కదాన్నీ తట్టి వినాలి. బిగువుగా ఉంటే ఖంగుమంటుంది. ఒక గాడిలో వరసగా నాలుగు మోగలేదు.

లైటు పట్టుకున్న ఫిట్టరు మస్తాన్ గారు నవ్వారు. "ముగ్గిపోయిన పుచ్చకాయండీ మేడమ్! కోసి చూడాల్సిందే." నేనూ నవ్వి, సుద్దతో నాలుగు గుర్తులు పెట్టాను.

అప్పుడే ఒంగోలు నుంచి అమ్మ ఫోను. ఎనిమిది నెలల మా బాబుకు జ్వరం, పాలు తాగడం లేదు. వెడ్జీలు మార్చాలని రాస్తే ఇంకో మూడు రోజులు అక్కడే. రాయకపోతే ఆ పూటే బస్సు.

గుర్తులు అరచేత్తో తుడిచేశాను.

"నాలుగేగా మస్తాన్ గారూ, లాగుద్ది లెండి."

"చదువుకున్నోళ్ళు, మీకు తెలవదాండీ."

వెటకారం కాదు, నమ్మకం.

బాబు కోసమేనా? ఇంకొకరిని పంపండని ఆఫీసుకు ఒక్క మాట చెప్పి బయల్దేరవచ్చు కదా. పిల్లల తల్లి సైటు పనికి పనికిరాదంటారన్న భయంతోనే కదా నోరు మూసుకున్నాను? నేను ఇల్లు చేరేసరికి జ్వరం తగ్గిపోయింది. వాడు నిద్రపోతున్నాడు. అన్నీ బిగువుగా ఉన్నాయని రాసిన నా రిపోర్టును నమ్మి యంత్రాన్ని నడిపారు.

మరుసటి వేసవిలో, కడ్డీలు అదిరి అదిరి వాటి మీది ఇన్సులేషన్ పొర అరిగిపోయి, మంటలు లేచాయి. పక్కనే పనిలో ఉన్న మస్తాన్ గారి రెండు చేతులూ కాలిపోయాయి. ఇప్పుడు ఆయనకు అన్నం భార్య కలిపి పెడుతుందట. విచారణలో ఆయన నా పేరెత్తలేదు. ఎందుకెత్తలేదు? అడిగే ధైర్యం లేదు. యంత్రం ముసలిదన్నారు, ఫైలు మూశారు. నేనూ తలూపాను.

ఆ నాలుగూ వదులని నాకు తెలుసు. క్షమించమనడం లేదు. రాశాక కాస్త ఊపిరాడుతోంది, అంతే.

మంటలు లేచిన మర్నాడు పొద్దున టీవీలో ఆ ప్లాంటును చూపించారు. తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మా అమ్మాయి అడిగింది. "అమ్మా, అది నువ్వు చూసొచ్చిన మిషనేనా?"

"కాదు తల్లీ, అది వేరేది," అన్నాను.