అమ్మ చెప్పిన ప్రార్థన అంశం

చోడవరంలో మా ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. మతిమరుపు జబ్బు ముదిరాక అమ్మకు నేనెవరో తెలియడం లేదు. మొన్న సాయంత్రం గంజి తాగించి, గిన్నె కడుగుదామని లేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"పార్థన సెయ్యకుండానే ఎలిపోతన్నావేటమ్మా?"

చర్చి నుంచి చూడ్డానికి వచ్చినదాన్ని అనుకుంది. మా ఇళ్ళలో అలా వచ్చినవాళ్ళు ప్రార్థన చేయకుండా గుమ్మం దాటరు. నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నించీ స్నానం, బట్టలు, మందులు అన్నీ చూసింది నేను, చివరికి పరాయిదాన్నీ నేనే. అయినా కొంగు తలమీద వేసుకుని కూర్చున్నాను.

"ఏటి కోసం సెయ్యమంటావు?"

"నా కోసం వద్దు. మా గుంట ఉంది, నా కూతురు. నేను పోతే దానికెవరూ లేరు. దాని కోసం సెయ్యి."

కళ్ళు మూసుకున్నాను. నా పేరు నేనే చెప్పి, ఆ పిల్లను ఒంటరిగా వదలొద్దని దేవుణ్ణి అడుగుతూ మధ్యలో ఆగిపోయాను. రోడ్డు మీద చెరకు లారీల మోత వినిపిస్తోంది. నేను ఆగిపోయిన చోట అమ్మే అందుకుని ప్రార్థన ముగించింది. గట్టిగా ఆమెన్ అంది. నా తల నిమిరింది.

"తలుపు దగ్గరగా ఏసి ఎల్లు అమ్మా, గడి పెట్టకు. మా గుంట ఇంకా ఇంటికి రాలేదు."